ఏ కణంలో, ఏ రోజున? మెదడు ఎదుగుదల గురించి జన్యువు మార్చిన చిట్టెలుకలు చెప్పేదేమిటి

వయసుకు తగ్గట్టు తల పెరగని పిల్లల్ని తిరుపతి, చిత్తూరు ఆసుపత్రులకు తీసుకొచ్చినప్పుడు డాక్టర్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మేనరికమా? మన వైపు మేనమామను చేసుకోవడం, బావామరదళ్లు పెళ్లాడటం తరతరాలుగా ఉన్నవే. మేనమామను చేసుకున్న దంపతుల బిడ్డలో ఏ జన్యువును తీసుకున్నా, దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవయ్యే అవకాశం 1/8. బావామరదళ్ల బిడ్డలో అది 1/16. ఒక ప్రతి చెడినా రెండోది పని నడిపించే జన్యువుల్లో, రెండూ చెడినప్పుడే లోపం బయటపడుతుంది. ఇప్పుడు జన్యు పరీక్ష చేయిస్తే ఆ జన్యువు పేరు కూడా రిపోర్టులో వస్తోంది. పుట్టుకతో తల చిన్నగా ఉండే మైక్రోసెఫలీలో తరచుగా కనిపించే పేరు ఏఎస్‌పీఎం.

పేరు తెలిసినంత మాత్రాన ఆ జన్యువు గర్భంలో ఏ వారం, ఏ కణంలో, ఏ పని చేస్తుందో తెలిసిపోదు. మనిషి పిండం మెదడును దశ దశకూ తీసి చూడటం కుదరని పని. అందుకే చిట్టెలుక మీద ఆధారపడతాం. అయితే ‘ఎలుకలో ఆ జన్యువు తీసేశారు, మెదడు చిన్నదైంది’ అంటూ వార్త ఒక్క ముక్కలో ముగిసిపోతుంది. జన్యువును ఏ కణాల్లో తీశారు, ఏ రోజున తీశారు అన్న రెండు సంగతులూ అందులో ఉండవు. ఈ రెండూ మారితే అదే జన్యువు వేరే ఫలితాన్ని చూపిస్తుంది.

పంతొమ్మిది, ఇరవై రోజుల్లో మెదడు

చిట్టెలుక గర్భం 19 నుంచి 21 రోజులు. సాయంత్రం ఆడ, మగ ఎలుకల్ని ఒక పంజరంలో వేసి, మరుసటి పొద్దున ఆడ ఎలుక యోని ద్వారంలో తెల్లటి గట్టి బిరడా ఉందేమో చూస్తారు. మగ ఎలుక వీర్యం గడ్డకట్టి ఏర్పడే ఆ బిరడాను ల్యాబుల్లో ‘ప్లగ్’ అంటారు. ప్లగ్ కనిపించిన రోజు మధ్యాహ్నాన్ని 0.5వ రోజుగా లెక్కిస్తారు. కొన్ని గంటల్లోనే అది ఊడిపోతుంది కాబట్టి పొద్దున 9 లోపే చూడాలి. ప్లగ్ ఉంటే జత కలిశాయని అర్థం, గర్భం నిలిచిందని కాదు. 10వ రోజుకు బరువు పెరిగిందో లేదో తూచి చూసుకోవాలి. ఒకే కాన్పులోని పిండాల మధ్య కూడా పూట తేడా ఉంటుంది. అందుకే చేతి వేళ్లు ఎంతవరకు విడివడ్డాయి, కంటి రంగు వచ్చిందా వంటి గుర్తులతో వయసును మళ్లీ సరిచూస్తారు. మెదడు విషయంలో సగం రోజు చాలా పెద్ద తేడా.

8.5 నుంచి 10వ రోజు లోపల, మెదడు, వెన్నుపాము అయ్యే నాడీనాళం మూసుకుంటుంది. దాదాపు 11వ రోజు నుంచి 17వ రోజు దాకా, మెదడు బయటి భాగమైన కార్టెక్స్ న్యూరాన్లు (నాడీకణాలు) పుడతాయి. వెంట్రికల్ అనే లోపలి నీటిగది అంచున ఉండే రేడియల్ గ్లియా కణాలు విభజన చెందుతూ వాటిని కంటాయి. 12, 13 రోజుల్లో పుట్టిన న్యూరాన్లు లోతుగా ఉండే ఆరు, ఐదు పొరల్లో స్థిరపడతాయి. 15, 16 రోజుల్లో పుట్టినవి వాటిని దాటుకుని పైనున్న రెండు, మూడు పొరలకు చేరతాయి. అలిపిరి మెట్ల దారిలో వెనక బయల్దేరినవాళ్లు, ముందు వెళ్లి కూర్చున్నవాళ్లను దాటుకుని ఇంకా పైకి పోయినట్టు.

ఈ క్రమం తప్పితే ఏమవుతుందో జన్యువుల్ని మార్చే పద్ధతులు రాకముందే ఒక ఎలుక చూపించింది. తూలుతూ నడిచే ‘రీలర్’ ఎలుకల గురించి 1951లో ఎడిన్‌బరోలో ఫాల్కనర్ రాశారు. వాటి కార్టెక్స్‌లో వెనక పుట్టిన న్యూరాన్లు పైకి రాలేక కిందే ఆగిపోతాయి. కారణమైన రీలిన్ జన్యువు 1995లో దొరికింది. మెదడు పైపొరలోని కణాలు విడుదల చేసే ప్రొటీన్ అది. 2000లో అదే జన్యువు చెడిన మనుషుల్లో, మెదడు మడతలు సరిగా లేకుండా, చిన్నమెదడు కుంచించుకుపోయి ఉండటం గుర్తించారు. ఎలుక నుంచి మనిషికి దారి చూపిన ఉదాహరణల్లో ఇది చాలా విలువైనది.

మొత్తం తీసేస్తే చిక్కు

కావాలని ఒక జన్యువును తీసేసిన నాకౌట్ ఎలుకలు 1989లో వచ్చాయి. పిండ మూలకణాల్లో జన్యువును మార్చి, ఆ కణాల్ని తొలిదశ పిండంలో కలిపి ఎలుకను పుట్టించే ఈ పద్ధతికి కపెక్కీ, ఎవాన్స్, స్మిథీస్‌లకు 2007లో నోబెల్ వచ్చింది. మెదడును కట్టే జన్యువుల్లో చాలావాటికి గుండెలో, రక్తంలో, మాయలో కూడా పని ఉంటుంది. మొత్తం శరీరంలో తీసేస్తే పిండం సగంలోనే చనిపోతుంది. చనిపోయే ముందు పిండంలో కనిపించే చిన్న మెదడు, జన్యువు మెదడులో లేకపోవడం వల్ల వచ్చిందా, ఆక్సిజన్ అందక వచ్చిందా అన్నది తేల్చలేం.

దీనికి విరుగుడు క్రీ–లాక్స్‌పీ. క్రీ అనేది పీ1 అనే బ్యాక్టీరియా వైరస్‌లోని ఎంజైమ్. లాక్స్‌పీ అనేది అది గుర్తుపట్టే 34 అక్షరాల డీఎన్ఏ ముక్క: రెండు చివర్లా 13 అక్షరాల చొప్పున అద్దంలో బొమ్మల్లాంటి వరసలు, నడుమ 8 అక్షరాలు. జన్యువులోని కీలక భాగానికి రెండు పక్కలా ఒకే దిశలో లాక్స్‌పీ పెడితే, క్రీ ఉన్న కణంలో నడిమి భాగం ఎగిరిపోతుంది, క్రీ లేని కణంలో జన్యువు మామూలుగా పని చేస్తుంది. ఇలా లాక్స్‌పీ పెట్టిన జన్యువును ‘ఫ్లాక్స్’ చేశారంటారు. నడిమి 8 అక్షరాలే దిశను నిర్ణయిస్తాయి. ఒకటి తిరగబడితే ఆ భాగం తెగిపోదు, తలకిందులవుతుంది.

క్రీ ఏ కణాల్లో, ఎప్పుడు తయారవుతుందో దాన్ని నడిపే ప్రమోటర్ అనే డీఎన్ఏ స్విచ్ చేతిలో ఉంటుంది, క్రీ పేరుకు ముందు దాని పేరే పెడతారు. ఈఎంఎక్స్1-క్రీ ముందుమెదడు పైభాగంలో, అంటే కార్టెక్స్, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అయ్యే చోట, 10.5వ రోజుకే పని చేస్తుంది. నెస్టిన్-క్రీ నాడీమండలం అంతటా మూలకణాల్లో ఉంటుంది, కానీ కార్టెక్స్‌లో అది పనిని ముగించేసరికి దాదాపు 11.5వ రోజు.

ఒక్క రోజు తేడా ఎంత తెస్తుందో చూడాలంటే ఎల్‌హెచ్‌ఎక్స్2 జన్యువును మించిన ఉదాహరణ లేదు. ముంబై టీఐఎఫ్‌ఆర్‌ పరిశోధన సంస్థలో శుభా తోలే బృందం 2008లో చూపించిన దాని ప్రకారం, ఈ జన్యువు తొలిదశలోనే లేకపోతే కార్టెక్స్ కావలసిన కణాలు కార్టెక్స్‌గా మారవు. హిప్పోక్యాంపస్ ఏర్పాటును నడిపించే అంచు కణజాలంగా మారతాయి. మరుసటి ఏడాది అమెరికాలో ఓలియరీ బృందం ఇదే జన్యువును రెండు క్రీలతో తీసింది. ఈఎంఎక్స్1-క్రీతో తీస్తే ఆ కణాలు వాసనను గ్రహించే పాత తరహా కార్టెక్స్‌గా మళ్లాయి. కాస్త ఆలస్యంగా పని చేసే నెస్టిన్-క్రీతో తీస్తే వాటి దారి మారలేదు. జన్యువు ఒకటే, ఎలుకా ఒకటే, ముగింపులు మాత్రం మూడు. ఒక్క క్రీతో పని చేసి ‘ఈ జన్యువు కార్టెక్స్‌కు అక్కర్లేదు’ అని రాసేసే వ్యాసాన్ని నమ్మకూడదు అనడానికి ఇంతకంటే బలమైన కారణం అవసరం లేదు.

ఇంకో మెలిక: జన్యువు తెగిన గంటలోనే దాని ప్రొటీన్ మాయమైపోదు. ముందే తయారైన ఆర్‌ఎన్ఏ, ప్రొటీన్ కరిగేదాకా, కొన్ని జన్యువుల్లో ఒక రోజుకు పైనే, కణం మామూలుగానే నడుస్తుంది. కాబట్టి తెగిన రోజును కాదు, ప్రొటీన్ లేకుండా పోయిన రోజును ఆ ప్రొటీన్‌కే అతుక్కునే యాంటీబాడీతో చూసి రాసుకోవాలి.

రోజును మనమే ఎంచుకోవాలంటే క్రీ-ఈఆర్‌టీ2 వాడతారు. ఇది టామోక్సిఫెన్ అనే మందు ఇచ్చేదాకా, డీఎన్ఏ ఉండే కేంద్రకంలోకి వెళ్లదు. టామోక్సిఫెన్‌ను మొక్కజొన్న నూనెలో, మిల్లీలీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా కలుపుతూ కరిగిస్తారు. వెలుతురు తగలకుండా చుట్టి పెట్టాలి. గర్భిణి ఎలుకకు ఇస్తే ఒక చిక్కు ఉంది: ఈ మందు ఈస్ట్రోజెన్‌కు అడ్డుపడుతుంది కాబట్టి కాన్పు ఆగిపోతుంది, పిండాలు లోపలే చనిపోతాయి. అందుకే దాంతోపాటు సగం మోతాదులో ప్రొజెస్టిరాన్ కలుపుతారు. పిల్లలు పుట్టాక చూడవలసిన ప్రయోగమైతే, నెలలు నిండాక కోసి తీసి, అప్పుడే ఈనిన ఇంకో తల్లి దగ్గర వదులుతారు. టామోక్సిఫెన్ ఇచ్చినా క్రీ లేని పిల్లల్ని కూడా పోల్చకపోతే, మందు చేసిన హానిని జన్యువు మీద వేసేస్తాం.

జతల లెక్క

కొత్తగా వచ్చే విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జన్యువు రెండు ప్రతులూ ఫ్లాక్స్ అయిన ఎలుకను క్రీ ఉన్న ఎలుకతో కలిపితే, పిల్లలందరిలో ఒక ప్రతి ఫ్లాక్స్, సగం మందిలో క్రీ ఉంటుంది. ఆ సగాన్ని ఏరి, మళ్లీ రెండు ప్రతులూ ఫ్లాక్స్ అయిన ఎలుకతో కలపాలి. ఇప్పుడు నలుగురిలో ఒకరు మనకు కావలసినది. గర్భం 3 వారాలు, ఈడుకు రావడానికి 6 నుంచి 8 వారాలు. అంటే అన్నీ సవ్యంగా జరిగినా మొదటి పిండాన్ని చూసేసరికి దాదాపు మూడు నెలలు.

8 పిండాల కాన్పులో 2 వస్తాయని సగటు. కానీ ఒక్కటీ రాకుండా పోయే అవకాశం 0.75ను ఎనిమిదిసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 10 శాతం. పది కాన్పుల్లో ఒకటి వట్టిదే. అదే 40 పిల్లల్లో ఒక్కటీ లేకపోతే అది దురదృష్టం కాదు. పిండం మధ్యలోనే చనిపోతోందన్నమాట, వెనక్కి 14.5వ రోజుకో, 12.5వ రోజుకో వెళ్లి చూడాలి. ఫ్లాక్స్ జన్యువూ క్రీ ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉంటే ఈ పావు లెక్క పూర్తిగా తప్పుతుంది. జతలు వేసే ముందే రెండూ ఎక్కడున్నాయో చూసుకోవాలి.

క్రీ కొన్నిసార్లు వీర్యకణాల్లో, అండాల్లో కూడా లీకవుతుంది. నెస్టిన్-క్రీకి ఈ పేరుంది. అప్పుడు పుట్టే పిల్లలో జన్యువు ఒంటినిండా తెగిపోయి ఉంటుంది, మనం మాత్రం మెదడులోనే తెగిందనుకుంటాం. దీన్ని పట్టుకోవడానికి చెవి ముక్క డీఎన్ఏలోనే తెగిన ప్రతి కోసం ఇంకో పీసీఆర్ (కావలసిన డీఎన్ఏ ముక్కను లక్షల రెట్లు చేసి చూసే పరీక్ష) చేయాలి. అదీగాక నెస్టిన్-క్రీ ఎలుకలు, ఏ జన్యువునూ తీయకుండానే, మామూలు వాటికంటే చిన్నగా పెరుగుతాయి. అందుకే క్రీ మాత్రమే ఉన్న తోబుట్టువులు పోలికలో ఉండి తీరాలి. క్రీ జాడ చూపడానికి పెట్టే, ఎర్రగా మెరిసే టీడీటొమాటో రిపోర్టర్ జన్యువు వెలిగిందంటే క్రీ ఆ కణంలోకి వచ్చిందని మాత్రమే అర్థం. మన జన్యువు రెండు ప్రతులూ తెగాయనడానికి అది రుజువు కాదు. కొన్ని చోట్ల సులువుగా తెగుతుంది, కొన్ని చోట్ల తెగదు.

ఏ ఎలుకలో ఏ ప్రతులున్నాయో చూసే జెనోటైపింగ్ పద్ధతి సులువే. 2 మిల్లీమీటర్ల చెవి ముక్కను 75 మైక్రోలీటర్ల 25 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 95 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, అంతే మోతాదు 40 మిల్లీమోలార్ ట్రిస్‌తో తటస్థం చేస్తే పీసీఆర్‌కు డీఎన్ఏ సిద్ధం. డీఎన్ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీసే 2 శాతం అగరోజ్ జెల్ మీద ఫ్లాక్స్ ప్రతి మామూలు దానికంటే కాస్త పైన ఆగుతుంది. ఒకటి ఫ్లాక్స్, ఒకటి మామూలు ఉన్న ఎలుకలో పైన మూడో గీత కూడా కనిపిస్తుంటుంది. రెండు రకాల పోగులు ఒకదానితో ఒకటి అతుక్కోవడం వల్ల వచ్చేది అది, కొత్త జన్యుమార్పు కాదు. పిండాల దగ్గర అసలు ప్రమాదం తల్లి రక్తం. తోక ముక్కను రెండు, మూడుసార్లు కడగకపోతే తల్లి ప్రతి కూడా జెల్ మీదికి వచ్చి లెక్క మొత్తం తారుమారవుతుంది.

ఎలుక జాతి కూడా ముఖ్యమే. అన్నాచెల్లెళ్లను కనీసం 20 తరాలు జత కలిపితే ఇన్‌బ్రెడ్ జాతి అవుతుంది. బ్లాక్ 6 జాతిలో రెండు అర్ధగోళాల్ని కలిపే కార్పస్ కలోసమ్ సాధారణంగా బాగానే ఉంటుంది. బాల్బ్-సీలో, 129లోని కొన్ని శాఖల్లో, జన్యువును ఎవరూ తాకకపోయినా అది సగమే ఏర్పడిన ఎలుకలు కనిపిస్తాయి. జాతులు కలగాపులగంగా ఉన్న పంజరంలో ‘కలోసమ్ లేదు’ అన్న ఫలితానికి విలువ లేదు.

తిరుపతి ఎండలో ఎలుకల గది

ఐసర్, ఎస్వీ యూనివర్సిటీ, స్విమ్స్, వెటర్నరీ యూనివర్సిటీ అన్నీ ఒక్క ఊరి చుట్టూ ఉన్నాయి కాబట్టి ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులు ఇక్కడ చాలామందే. జంతువులతో ప్రయోగాలకు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన సీసీఎస్‌ఈఏ అనే కేంద్ర కమిటీ దగ్గర నమోదు, సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి. జన్యువు మార్చినవి కాబట్టి బయోసేఫ్టీ కమిటీ అనుమతి కూడా వేరేగా తీసుకోవాలి. ఎన్ని ఎలుకలు కావాలో రాసేటప్పుడు పైన చెప్పిన పావు లెక్కను చూపించాలి. 15 కావలసిన పిండాలకు 60 పిండాలు పుట్టాలని రాయకపోతే నడిమధ్యలో అనుమతి చాలదు.

గది 22 డిగ్రీల దగ్గర, తేమ 40 నుంచి 60 శాతం, 12 గంటలు వెలుగు, 12 గంటలు చీకటి ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటే ఊళ్లో ఏసీ, జనరేటర్ కూడా ప్రయోగ సామగ్రిలో భాగమే. ఒక మధ్యాహ్నం గది వేడెక్కితే మగ ఎలుకల వీర్యం దెబ్బతింటుంది. వీర్యకణం తయారవడానికి దాదాపు 35 రోజులు పడుతుంది కాబట్టి ఏసీ బాగుపడిన నెల తర్వాత కూడా కాన్పులు తగ్గే ఉంటాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, 8, 9 రోజుల గర్భంలో తల్లికి విపరీతమైన వేడి తగిలితే పిండం నాడీనాళం మూసుకోకుండా పోవచ్చు. అది అచ్చం జన్యులోపంలాగే కనిపిస్తుంది. కాబట్టి గది ఉష్ణోగ్రత నమోదును ప్లగ్ తేదీల పక్కన పెట్టి చదవాలి. దీపావళి టపాసులకు, పక్క గదిలో డ్రిల్లింగుకు బెదిరిన బాలింత ఎలుకలు పిల్లల్ని తినేస్తాయి. ఆ వారంలో కాన్పులు రాకుండా జతలు వేసుకోవడం మంచిది.

కోయడం, లెక్కించడం

పిండం తలను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో, పీహెచ్ 7.4 దగ్గర, 4 డిగ్రీల చలిలో ఉంచుతారు. ఎక్కువసేపు ఉంచితే యాంటీబాడీ అతుక్కునే చోట్లు మూసుకుపోతాయి. తర్వాత 30 శాతం చక్కెర ద్రావణంలో అది పూర్తిగా మునిగేదాకా ఆగాలి. తేలుతుండగానే గడ్డకట్టిస్తే మంచు పలుకులు పడి కణజాలం జల్లెడవుతుంది. గడ్డకట్టిన కణజాలాన్ని పలచగా కోసే క్రయోస్టాట్‌లో 14 నుంచి 16 మైక్రాన్ల మందాన కోస్తారు. యాంటీబాడీతో రంగు వేసి చూసే ప్రొటీన్లలో పాక్స్6 రేడియల్ గ్లియాను, టీబీఆర్2 వాటికీ న్యూరాన్లకూ మధ్యదశ కణాల్ని, టీబీఆర్1 ఆరో పొరను, సీటిప్2 ఐదో పొరను, సాట్‌బీ2 ఎక్కువగా పైపొరల్ని చూపిస్తాయి.

న్యూరాన్ పుట్టినరోజు తెలియాలంటే తల్లికి కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున, డీఎన్ఏ అక్షరాన్ని పోలిన ఈడీయూ అనే పదార్థం ఇస్తారు. ఆ గంటల్లో డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటున్న కణాల్లోకే అది వెళ్తుంది. 13.5వ రోజు ఇచ్చి అరగంటకే చూస్తే ఎన్ని కణాలు విభజనకు సిద్ధమవుతున్నాయో తెలుస్తుంది. అదే మందు ఇచ్చి, పుట్టిన వారం తర్వాత చూస్తే ఆ రోజు పుట్టినవి ఏ పొరకు చేరాయో తెలుస్తుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది లెక్కలో. తల కాస్త వాలుగా కోస్తే కార్టెక్స్ దళసరిగా కనిపిస్తుంది. ముందు నుంచి వెనక్కి ఏ స్థాయిలో కోశారో రెండు గుంపుల్లోనూ ఒకటే ఉండాలి. 100 లేదా 200 మైక్రాన్ల వెడల్పు పట్టీలో, ఏ స్లయిడ్ ఏ ఎలుకదో తెలియనివాళ్లు లెక్కించాలి. ఒకే మెదడు నుంచి పది ముక్కలు లెక్కించి ‘పది నమూనాలు’ అని రాయడం పొరపాటు. అది ఒక్క నమూనాయే. కనీసం మూడు వేర్వేరు కాన్పుల నుంచి, ప్రతి కాన్పులోనూ మామూలు తోబుట్టువుతో పోల్చి తీసుకున్న సంఖ్యలకే బలం ఉంటుంది.

త్వరగా చేసే దారులు

డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్‌తో 2013 నుంచి అండ దశలోనే జన్యువును మార్చిన ఎలుకలు వస్తున్నాయి. నెలల పని వారాల్లో అవుతుంది. అయితే కణం రెండు, నాలుగు అయ్యాక కూడా కత్తిరింపు సాగుతుంది కాబట్టి మొదటి తరం ఎలుక ఒంట్లో రకరకాల మార్పులున్న కణాలు కలిసి ఉంటాయి. దాన్ని మామూలు ఎలుకతో దాటించి, పిల్లల్లో ఒక్కటే మార్పు ఉందని చదివి నిర్ధారించుకున్నాకే మెదడు చూడాలి.

ఇంకో దారి గర్భంలోనే ఎలక్ట్రోపొరేషన్, అంటే కరెంటుతో డీఎన్ఏను కణాల్లోకి పంపడం. 14.5వ రోజు తల్లికి మత్తిచ్చి, గర్భాశయాన్ని వెచ్చటి సెలైన్‌తో తడుపుతూ బయటికి తీసి, పిండం వెంట్రికల్‌లోకి గాజు సూదితో మైక్రోలీటరుకు 1 మైక్రోగ్రామ్ ప్లాస్మిడ్ (వలయాకార డీఎన్ఏ)ను 1 మైక్రోలీటర్ ఎక్కిస్తారు. ఆకుపచ్చ రంగు కలిపితే ఎక్కడికి పోయిందో కనిపిస్తుంది. 35 వోల్టులు, 50 మిల్లీసెకన్ల చొప్పున 5 పల్సులు. పాజిటివ్ ధ్రువం ఎటుంటే డీఎన్ఏ అటు పోతుంది. వోల్టేజీ పెరిగితే, గుండె మీదుగా కరెంటు పోతే పిండం చనిపోతుంది. మొత్తం అరగంటలో ముగించాలి. కొత్త ఎలుక వంశం పెంచక్కర్లేదు, పక్కనున్న మామూలు కణాలే పోలిక అవుతాయి.

ఎలుక చెప్పలేనివి

చిట్టెలుక మెదడు నున్నగా ఉంటుంది, మడతలుండవు. బరువు అర గ్రాము లోపే. మనిషి కార్టెక్స్‌ను పెద్దది చేసే, వెంట్రికల్‌కు దూరంగా ఉండే రేడియల్ గ్లియా ఎలుకలో చాలా తక్కువ. అందుకే ఏఎస్‌పీఎం చెడిన పిల్లల్లో మెదడు బాగా చిన్నదైతే, అదే జన్యువు చెడిన చిట్టెలుకలో తేడా స్వల్పం. 2018లో, మెదడులో మడతలున్న ఫెర్రెట్ అనే ముంగిసలాంటి చిన్న జంతువులో ఆ జన్యువును తీసినప్పుడు మాత్రం మెదడు 40 శాతం దాకా తగ్గింది. డబుల్‌కార్టిన్ అనే జన్యువు చెడిన మగపిల్లల మెదడు మడతల్లేకుండా పుడుతుంది, ఎలుకలో కార్టెక్స్ దాదాపు మామూలుగానే ఉంటుంది. ఈ తేడాలు చూసి ఎలుకను పక్కన పెట్టేయక్కర్లేదు. ‘ఎలుకలో ఏమీ కాలేదు, కాబట్టి ఈ జన్యుమార్పు హానిచేయదు’ అని రిపోర్టు పట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు ఎవరైనా చెబితే మాత్రం అది తప్పుడు భరోసా.

ఎక్కువగా ఆడపిల్లలకు వచ్చే నాడీజబ్బు రెట్ సిండ్రోమ్ విషయంలో ఎలుక చూపించినది ఆశ పెట్టుకోదగ్గది. కారణమైన ఎంఈసీపీ2 జన్యువును లాక్స్‌పీల నడుమ పెట్టిన అడ్డంకితో ఆపి, జబ్బు లక్షణాలు వచ్చాక టామోక్సిఫెన్‌తో ఆ అడ్డంకిని తీసేసే ఎలుకల్ని ఏడ్రియన్ బర్డ్ బృందం తయారు చేసింది. 2007లో వెలువడిన ఫలితం ప్రకారం, పెద్దయిన ఎలుకల్లో కూడా లక్షణాలు చాలావరకు వెనక్కి మళ్లాయి. అయితే మందును రోజూ ఇచ్చి జన్యువును ఒక్కసారిగా తెరిచినప్పుడు కొన్ని ఎలుకలు చనిపోయాయి, వారానికొకసారి మొదలుపెట్టి మెల్లగా తెరిచినప్పుడు బతికాయి. ఆ జన్యువు అవసరానికి మించి ఉన్న ఎలుకలకు కూడా నాడీజబ్బు వస్తుందని 2004లోనే తెలిసింది. మనుషుల్లో ఆ జన్యువు రెండేసి ఉన్న మగపిల్లలకు తీవ్రమైన మానసిక ఎదుగుదల లోపం ఉంటుంది. పైగా రెట్ ఉన్న ఆడపిల్ల మెదడులో ఒక్కో కణం రెండు ప్రతుల్లో ఒక్కదాన్నే వాడుతుంది కాబట్టి, సుమారు సగం కణాల్లో మంచి ప్రతి ముందే పని చేస్తుంటుంది. జన్యు చికిత్సలో ఇచ్చే కొత్త ప్రతి ఆ మంచి కణాల్లోకి కూడా వెళ్తుంది కాబట్టి, మోతాదును ఆ కణాల్ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించాలి.